మాట ముందు, లెక్క వెనక

పరాయి దేశంలో పెద్ద నిర్మాణ కాంట్రాక్టు మన కంపెనీకి దక్కిందని వార్త వస్తే, అదంతా ఆ కంపెనీ ఇంజనీర్ల సత్తా అని సంబరపడతాం. సత్తా లేనివాడికి అలాంటి పని దక్కదు, నిజమే. అయితే ఆనకట్ట, వంతెన, రిఫైనరీ, రైలుమార్గం లాంటి వాటికి టెండరు పిలిచిన చోట సత్తా ఉన్న కంపెనీలు నాలుగైదు ఎప్పుడూ వరుసలో ఉంటాయి. అందరూ ఉక్కు కొనేది ఇంచుమించు ఒకే ధరకు, క్రేన్లు తెచ్చేది ఇంచుమించు ఒకే చోటు నుంచి. అలాంటప్పుడు ఎవరు నెగ్గుతారన్నది చాలాసార్లు కంపెనీ వేసిన ధర దగ్గర తేలదు. ఆ కంపెనీ వెనక నిలబడిన ప్రభుత్వం ఏ వడ్డీకి, ఎన్నేళ్ల గడువుతో అప్పు ఇప్పిస్తానంటోందో అక్కడ తేలుతుంది.

చిన్న లెక్క వేసి చూద్దాం. కట్టించుకునే దేశం దగ్గర రొక్కం లేదు కాబట్టి టెండరుతో పాటు అప్పు కూడా మీరే చూపించండి అంటుంది. మొదటి కంపెనీ 100 కోట్లకు కట్టిస్తానంది. దానికి అప్పిచ్చేది మామూలు బ్యాంకు, వడ్డీ 10 శాతం, పదేళ్లపాటు సమాన వాయిదాలు. ఏటా కట్టాల్సింది సుమారు 16.27 కోట్లు. రెండో కంపెనీ అదే పనికి 110 కోట్లు అడిగింది, కానీ దాని ప్రభుత్వం 5 శాతానికే అప్పు ఇప్పిస్తోంది. ఇప్పుడు ఏటా వాయిదా సుమారు 14.25 కోట్లు. పది కోట్లు ఎక్కువ అడిగినవాడే చవక అయ్యాడు! అతను తన ధరను 125 కోట్లకు పెంచినా వాయిదా మొదటివాడి కంటే ఇంకా కాస్త తక్కువే ఉంటుంది. ఈ మాయ వెనక ఉన్నది ఖజానా. ఆ ప్రభుత్వం కూడా 10 శాతానికే డబ్బు తెచ్చుకుంటుందనుకుంటే, 110 కోట్ల అప్పు మీద అది వదులుకున్నది నేటి విలువలో 22 కోట్లకు పైమాటే. కొనే దేశానికి వాయిదా తగ్గింది, కట్టే కంపెనీకి పని దొరికింది, మూడోవాడికి చీటీ వెళ్లింది. ఆ మూడోవాడు పన్ను కట్టే మనిషి. బేరం జరిగిన గదిలో అతనికి కుర్చీ లేదు.

ఈ సాయం రకరకాల వేషాల్లో వస్తుంది. అన్నిటికంటే పాతది బీమా. పని చేశాక పరాయి దేశం డబ్బు ఎగ్గొడితే మేమిస్తామన్న భరోసా అది. ఇందుకోసం ప్రపంచంలో మొదటి ప్రభుత్వ విభాగం 1919లో బ్రిటన్‌లో పుట్టింది. మన ఈసీజీసీ 1957లో వచ్చింది. రెండోది బ్యాంకు గ్యారంటీలకు ఆసరా. టెండరు వేసేటప్పుడు ధరావతుకు బదులుగా ఒక గ్యారంటీ, పని దక్కాక సరిగ్గా పూర్తిచేస్తామన్న పూచీకి ఇంకొకటి, అడ్వాన్సు తీసుకుంటే దానికి మరొకటి కావాలి. వందల కోట్ల పనికి ఇవన్నీ సొంత బలంతో తెచ్చుకునే తాహతు ఎన్నో మంచి కంపెనీలకు ఉండదు. మూడోది పైన చెప్పిన తక్కువ వడ్డీ అప్పు. నాలుగోది, చిక్కంతా ఉన్నది, ఆ అప్పుకు విదేశీ సాయం పద్దు నుంచి కొంత ఉచిత సొమ్ము కలపడం. మొదటి రెండూ ఫీజు తీసుకుని చేసే వ్యాపారాలు, జాగ్రత్తగా నడిపితే ఖజానాకు నష్టం రానక్కర్లేదు. చివరి రెండింట్లో దానం ఉంది. ఆ దానం పేరు కొనే దేశానిది, ఫలం మాత్రం ముందుగా కట్టే కంపెనీ ఇంటికి చేరుతుంది.

ప్రభుత్వం ఇలాంటి సాయం చేయడమే తప్పని నేననను. చేసే వరుస తప్పితేనే తప్పు. ముందు లెక్క తేల్చి తర్వాత మాట ఇస్తే అది విధానం. ముందు మాట ఇచ్చేసి తర్వాత లెక్క వేయిస్తే, ఆ లెక్క ఎంత నిజాయితీగా వేసినా ఎవరికీ అక్కరకు రాదు. దీనికి బ్రిటన్ ఖరీదైన సాక్ష్యం ఒకటి మిగిల్చి వెళ్లింది. ఖరీదైనదే కాదు, ఫైళ్లన్నీ బయటపడిన అరుదైన సాక్ష్యం కూడా. అందుకే దాని దగ్గర కాసేపు ఆగాలి.

కథ ఇస్తాంబుల్ దగ్గర మొదలవుతుంది. బోస్ఫరస్ జలసంధి మీద 1973లో తెరుచుకున్న మొదటి వేలాడే వంతెనను బ్రిటన్‌కు చెందిన క్లీవ్‌లాండ్ బ్రిడ్జ్, జర్మనీకి చెందిన హోక్‌టీఫ్ కట్టాయి. డిజైన్ లండన్‌లోని ఫ్రీమన్ ఫాక్స్ సంస్థది. రెండో వంతెనకు కూడా డిజైన్ ఆ సంస్థదే. కానీ 1985లో కాంట్రాక్టు జపాన్ కంపెనీలు ముందుండి నడిపిన కూటమికి పోయింది. వాళ్ల వెనక జపాన్ ప్రభుత్వం తక్కువ వడ్డీ రుణంతో నిలబడింది. గీసినవాడు ఇంగ్లిషువాడు, కట్టినవాడు జపానువాడు. బ్రిటిష్ కాంట్రాక్టర్లు గగ్గోలు పెట్టారు, మార్గరెట్ థాచర్ ప్రభుత్వం మండిపడింది. మార్కెట్‌కు మార్కెట్టే మందు అని నమ్మిన ప్రభుత్వం అది, అయినా ఈ విషయంలో జపాన్ దారే పట్టింది. 1977 నుంచి బ్రిటన్ విదేశీ సాయంలో కొంత భాగాన్ని తమ ఎగుమతిదారులకు పనులు సంపాదించిపెట్టడానికి పక్కన పెడుతూనే ఉంది. ఆ పథకం పేరు ఎయిడ్ అండ్ ట్రేడ్ ప్రొవిజన్. ఇప్పుడు దానికి తక్కువ వడ్డీ రుణాలు కూడా జతచేశారు. ఒక కాంట్రాక్టు చేజారిన ఉక్రోషం అలా విధానంలోకి ఎక్కింది.

మూడేళ్లు తిరక్కుండానే ఆ ఆయుధాన్ని వాడే అవకాశం మలేసియాలో వచ్చింది. ఆ దేశానికి ఉత్తరాన, థాయ్‌లాండ్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న కెలంతన్ రాష్ట్రంలో పెర్గావ్ నది మీద 600 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కట్టాలన్నది ప్రతిపాదన. బ్రిటన్‌కు చెందిన బాల్ఫర్ బీటీ, సిమెంటేషన్ ఇంటర్నేషనల్ కూటమి కట్టి రంగంలో దిగాయి. దీనికి సమాంతరంగా ఇంకో బేరం నడుస్తోంది. 1988 మార్చిలో బ్రిటన్ రక్షణ మంత్రి జార్జ్ యంగర్ కౌలాలంపూర్‌లో ఒక పత్రం మీద సంతకం చేశారు. మలేసియా కొనబోయే ఆయుధాల విలువలో 20 శాతం దాకా సాయం ఉంటుందన్న లంకె ఆ పత్రంలో ఉంది. ఈ లంకెను తర్వాత తెంచేశామని బ్రిటన్ ప్రభుత్వం చెప్పుకుంది. ఆయుధాలు వేరు, ఆనకట్ట వేరు అంది. రెండూ ఇంచుమించు ఒకే కాలంలో, అవే రెండు ప్రభుత్వాల మధ్య సాగాయి కాబట్టి ఆ మాటను తర్వాత పార్లమెంటులో చాలామంది నమ్మలేదు.

1989 మార్చిలో మలేసియా ప్రధాని మహతీర్ మహమ్మద్ లండన్ వచ్చారు. ప్రాజెక్టు ఖర్చు 31.6 కోట్ల పౌండ్లన్న అంచనా మీద 6.825 కోట్ల పౌండ్ల సాయం ఇస్తామని థాచర్ ఆయనకు నోటిమాటగా చెప్పారు. ఆ నెల గడవకముందే కాంట్రాక్టర్లు తమ ధరను 39.7 కోట్లకు పెంచారు. తారీకుల వరుస గమనించాలి. ధర తేలకముందే మాట వెళ్లింది, మాట వెళ్లాక ధర పెరిగింది. ప్రధాని ఒకసారి పరాయి ప్రధానికి ఇచ్చిన మాట నుంచి వెనక్కి తగ్గరని కాంట్రాక్టరుకు తెలిస్తే అతను బేరమాడేది ఇక ఎవరితో? కంపెనీ దురాశ అని అందామా? వ్యాపారి తనకు చిక్కిన బలాన్ని వాడుకుంటాడు, అది అతని పని. ఆ బలాన్ని అతని చేతికిచ్చింది ప్రభుత్వమే.

లెక్క ఆ తర్వాత వచ్చింది. విదేశీ సాయం శాఖలోని ఆర్థికవేత్తలు 1990లో తీరిగ్గా కూర్చుని లెక్కవేస్తే, మలేసియాకు పుష్కలంగా ఉన్న సహజవాయువుతో టర్బైన్లు నడుపుకుంటే వచ్చే కరెంటు కంటే పెర్గావ్ కరెంటు ఎంతో ప్రియమని తేలింది. 35 ఏళ్లలో మలేసియా వినియోగదారుల మీద అదనపు భారం దాదాపు 10 కోట్ల పౌండ్లు. సాయం పేరుతో ఇస్తున్న సొమ్ము సాయం అందుకునేవాడికే నష్టం తెస్తోందన్న మాట! ఆ శాఖ అధిపతి టిమ్ లాంకెస్టర్ 1991 ఫిబ్రవరిలో దీన్ని కాగితం మీద పెట్టారు. బ్రిటన్‌లో శాఖాధిపతి తన శాఖ ఖర్చుకు పార్లమెంటు ముందు స్వయంగా జవాబుదారీ. ఖర్చు దండగ అనిపిస్తే ఆయన మంత్రికి ఆ మాట రాసి చెప్పాలి. అయినా చేయాల్సిందే అని మంత్రి అనుకుంటే ఆ ఆదేశాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి. విదేశాంగ మంత్రి డగ్లస్ హర్డ్, అప్పటికి ప్రధాని అయిన జాన్ మేజర్ సమ్మతితో, 1991 జూలైలో ఆ ఆదేశం ఇచ్చారు. ఆయన చెప్పిన కారణం లెక్కకు సంబంధించినది కానే కాదు. ప్రధాని మాట ఇచ్చారు, వెనక్కి తీసుకుంటే మలేసియాతో సంబంధాలు, బ్రిటిష్ వ్యాపారం దెబ్బతింటాయి అన్నారు. మాట ఇచ్చిన థాచర్ అప్పటికి పదవిలో లేరు. మాట మాత్రం ఉంది. చివరికి అది 14 ఏళ్లపాటు చెల్లించాల్సిన 23.4 కోట్ల పౌండ్ల బాధ్యతగా లెక్క తేలింది.

ఒక అధికారి రాసిన అభ్యంతరం, ఒక మంత్రి రాసిన ఆదేశం. ఈ రెండు కాగితాలు లేకపోతే పెర్గావ్ సంగతి ఫైళ్లలోనే సమాధి అయ్యేది. జాతీయ ఆడిట్ కార్యాలయం 1993 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. పార్లమెంటు సంఘాలు విచారణకు కూర్చున్నాయి. పత్రికలు విరుచుకుపడ్డాయి. బ్రిటిష్ పత్రికల రాతలకు ఆగ్రహించిన మహతీర్ 1994 ఫిబ్రవరిలో తమ ప్రభుత్వ కాంట్రాక్టులు బ్రిటిష్ కంపెనీలకు ఇవ్వకూడదని నిషేధం పెట్టారు. అది సెప్టెంబరు దాకా నడిచింది. వ్యాపారం దెబ్బతినకూడదనే కదా లెక్కను పక్కన పెట్టింది, చివరికి ఆ వ్యాపారమే దెబ్బతింది. వరల్డ్ డెవలప్‌మెంట్ మూవ్‌మెంట్ అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1994 నవంబరు 10న లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. విదేశీ సాయం చట్టం అభివృద్ధి కోసం డబ్బు ఖర్చుపెట్టమంది, ఆర్థికంగా నిలవని ప్రాజెక్టుకు ఆ పద్దు కింద డబ్బు ఇవ్వడం చట్టవిరుద్ధం అంది. దానితో ఇదే పద్దు కింద నడుస్తున్న మరో మూడు ప్రాజెక్టులకూ ఇదే జబ్బు ఉందని ప్రభుత్వమే ఒప్పుకోవాల్సి వచ్చింది. వాటిలో అంకారా మెట్రో ఒకటి. 1997లో కొత్తగా వచ్చిన లేబర్ ప్రభుత్వం ఆ పథకాన్నే ఎత్తేసింది. ఆ తర్వాత సాయం సొమ్ముతో మా దగ్గరే కొనాలన్న షరతును కూడా తీసేసింది. ఎగుమతి బీమా మాత్రం ఆగలేదు. ఆ విభాగం పేరు మార్చుకుని ఈనాటికీ పనిచేస్తోంది. దానం పోయింది, వ్యాపారం మిగిలింది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే. పక్కవాడు ఇస్తుంటే మనం చేతులు కట్టుకు కూర్చోవాలా? ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. బోస్ఫరస్ దగ్గర బ్రిటిష్ కంపెనీకి జరిగింది అన్యాయమే, ఇంజనీరింగ్‌లో ఓడిపోతే వేరు సంగతి. ఈనాడు ఆఫ్రికాలోనో శ్రీలంకలోనో చైనా ఎగ్జిమ్ బ్యాంకు రుణంతో వచ్చే కంపెనీ ముందు మన కంపెనీ ఒట్టి చేతులతో నిలబడితే టెండరు తెరవకముందే ఫలితం తెలిసిపోతుంది. ఈ పందెం ఎక్కడికి పోతుందో సంపన్న దేశాలకు ముందే అర్థమైంది. ఒకడు వడ్డీ తగ్గిస్తే ఇంకొకడు ఇంకా తగ్గిస్తాడు, చివరికి అందరి ఖజానాలూ ఖాళీ అవుతాయి, పనులు మాత్రం అవే. అందుకే ఓఈసీడీ దేశాలు 1978లో ఎగుమతి రుణాల మీద ఒక పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నాయి, కనీస వడ్డీ ఇంత, గరిష్ఠ గడువు ఇంత అని. 1992 నుంచి దానికి ఇంకో కట్టుబాటు చేర్చారు. తన రాబడితో తానే అప్పు తీర్చుకోగల ప్రాజెక్టుకు షరతులతో కూడిన సాయం ఇవ్వకూడదన్నారు. దీని వెనక తర్కం బాగుంటుంది. రాబడి ఉంటే మామూలు అప్పు చాలు, దానం ఎందుకు? చైనా ఆ ఒప్పందంలో లేదు, మనమూ లేము. 2012లో అమెరికా, చైనా చొరవతో అందరికీ వర్తించే కొత్త నియమాల కోసం చర్చలు మొదలయ్యాయి, 2020లో ఆగిపోయాయి. కాబట్టి పందెం ఉంది, ఒప్పుకుందాం. పందెంలో దిగాల్సి వచ్చినవాడికి లెక్క ఇంకా ఎక్కువ అవసరం. పక్కవాడు ఎంత పాడాడో చూసి పాడేవాడు వేలంపాటలో ఎప్పుడూ గెలుస్తాడు, ఇంటికొచ్చాక ఏడుస్తాడు.

రెండో అభ్యంతరం రహస్యం గురించి. టెండరు నడుస్తుండగా లెక్కలన్నీ బయటపెడితే పోటీదారుకు మన గుట్టు చిక్కదా అంటారు. చిక్కుతుంది. అందుకే టెండరు తెరిచేదాకా కవరు మూసి ఉంచాలి. కానీ కాంట్రాక్టు దక్కిన మర్నాటి నుంచి ఆ రహస్యం ఎవరిని కాపాడుతోంది? పోటీదారుకు దానితో పనిలేదు. ఇక మిగిలింది పన్ను కట్టేవాడు, పార్లమెంటు, ఆడిట్. వీళ్ల నుంచి దాచడాన్ని వ్యాపార రహస్యం అనరు. పెర్గావ్ ఆర్థిక లెక్క 1990లోనే బహిరంగంగా ఉండి ఉంటే 1991లో ఆదేశం రాయడానికి ఏ మంత్రికైనా చేయి వణికేది.

ఉద్యోగాల మాట కూడా వస్తుంది. ఎగుమతి కాంట్రాక్టు వస్తే మన ఫ్యాక్టరీలకు పని, మన ఇంజనీర్లకు జీతాలు, సరిహద్దు దాటి పేరు. నిజమే, ఇవన్నీ వస్తాయి. అయితే రాయితీగా పోయే డబ్బుతో ఇక్కడే ఏదైనా కట్టినా పని దొరికేది. కాబట్టి అడగాల్సింది ఉద్యోగాలు వచ్చాయా అని కాదు, ఆ డబ్బుకు ఇంకెక్కడా రానన్ని వచ్చాయా అని. ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన ప్రభుత్వం ఏ దేశంలోనూ తరచుగా కనిపించదు. దీన్ని ఇక్కడితో వదిలేస్తాను.

మన సంగతికి వద్దాం. పరాయి దేశపు పని మన ఖజానా మెడకు చుట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. 1970, 80 దశకాల్లో చమురు డబ్బుతో కళకళలాడిన ఇరాక్‌లో మన కంపెనీలు రైలుమార్గాలు, భవనాలు, నీటి పథకాలు కట్టాయి. ఇరాన్‌తో యుద్ధం ముదిరి ఇరాక్ దగ్గర నగదు నిండుకున్నాక, డబ్బు తర్వాత ఇస్తామన్న ఒప్పందాల మీద పనులు సాగాయి. 1990లో సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఆక్రమించాడు, ఆంక్షలు పడ్డాయి, బకాయిలు బకాయిలుగానే మిగిలాయి. కంపెనీలు ఏళ్ల తరబడి వడ్డీ మోస్తూ ఢిల్లీ చుట్టూ తిరిగాయి. చివరికి భారత ప్రభుత్వమే బాండ్లు ఇచ్చి ఆ కంపెనీల బాకీ తీర్చింది. ఇరాక్ ఇవ్వాల్సింది భారతీయులు ఇచ్చారు. ఇది కుంభకోణం కాదు, ఎవరూ దొంగతనం చేయలేదు. ప్రభుత్వం వెనక నిలబడటం అంటే అర్థం అదే. నిలబడిన రోజు దాని ఖరీదు కనిపించదు. పదిహేనేళ్లకో ఇరవై ఏళ్లకో, సంతకం పెట్టినవాళ్లు రిటైరయ్యాక, చీటీ వస్తుంది.

ఈరోజు మన ప్రధాన సాధనం ముంబై కేంద్రంగా 1982లో పని మొదలుపెట్టిన ఎగ్జిమ్ బ్యాంకు ఇచ్చే లైన్ ఆఫ్ క్రెడిట్. ప్రభుత్వం తరఫున బ్యాంకు పరాయి దేశానికి రుణం ప్రకటిస్తుంది. వడ్డీ తగ్గించినందుకు పడే తేడాను కేంద్ర బడ్జెట్టు భరిస్తుంది, రుణం మునిగితే పూచీ కూడా కేంద్రానిదే. షరతు ఏమిటంటే, కాంట్రాక్టు విలువలో మామూలుగా 75 శాతం సరుకులు, సేవలు భారతదేశం నుంచే కొనాలి, కొన్ని సందర్భాల్లో పది శాతం దాకా సడలింపు ఉంటుంది. పోటీ భారతీయ కంపెనీల మధ్యే. డబ్బు నడిచే దారి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. కంపెనీ సరుకు ఓడకెక్కించి బిల్లులు, రవాణా కాగితాలు చూపిస్తే ఎగ్జిమ్ బ్యాంకు నేరుగా ఆ కంపెనీ ఖాతాలోనే సొమ్ము వేస్తుంది. అప్పు పరాయి దేశం పేరు మీద ఉంటుంది, సొమ్ము మాత్రం ఆ దేశం చేతికి వెళ్లదు. కంపెనీకి డబ్బు ఎగ్గొడతారన్న భయమే లేదు. ఆ భయం మొత్తం బదిలీ అయ్యింది బ్యాంకుకు, బ్యాంకు వెనక ఉన్న మనకు.

తెలుగువాళ్లకు దగ్గర సంబంధం ఉన్న ఉదాహరణ మంగోలియాలో ఉంది. 2015 మేలో ప్రధాని నరేంద్ర మోదీ ఉలాన్‌బాతర్ వెళ్లినప్పుడు ఆ దేశానికి 100 కోట్ల డాలర్ల రుణం ప్రకటించారు. ఆర్థిక సామర్థ్యం, మౌలిక సదుపాయాలు పెంచుకోవడానికి అన్నారు. ఏం కట్టాలో ఆనాడు ఖరారు కాలేదు. రిఫైనరీ కడదామన్న నిర్ణయం తర్వాత వచ్చింది. 2018 జూన్‌లో గోబీ ఎడారి వైపు, దోర్నోగోవి ప్రాంతంలోని సైన్‌షాండ్ దగ్గర అప్పటి హోంమంత్రి రాజ్‌నాథ్ సింగ్ సమక్షంలో పని ప్రారంభమైంది. ఏటా 15 లక్షల టన్నుల ముడి చమురు శుద్ధిచేసే రిఫైనరీ అది. సలహాదారు మన ప్రభుత్వ రంగ సంస్థ ఇంజనీర్స్ ఇండియా. కీలకమైన నిర్మాణ ప్యాకేజీలు దక్కింది హైదరాబాద్ కేంద్రంగా ఉన్న మేఘా ఇంజనీరింగ్‌కు. 2019లో రుణానికి మరో 23.6 కోట్ల డాలర్లు చేర్చారు. ఇప్పుడు ఇరు దేశాలూ చెబుతున్న మొత్తం 170 కోట్ల డాలర్లు. విదేశాల్లో మన దేశం చేపట్టిన అభివృద్ధి ప్రాజెక్టుల్లో అతి పెద్దది ఇదే.

దీన్ని పెర్గావ్‌తో సమానం చేస్తే అన్యాయం అవుతుంది. ఆయుధాల బేరం లేదు, ఉన్న మంచి దారిని వదిలి చెడ్డ దారి పట్టారని ఎవరూ తేల్చలేదు. పైగా మంగోలియా వాదనలో బలం ఉంది. రష్యా, చైనాల మధ్య ఇరుక్కున్న దేశం, పెట్రోలు, డీజిల్ దాదాపు అంతా రష్యా నుంచే కొంటుంది, తన నేలలో తీసిన ముడి చమురును చైనాకు అమ్ముకుంటుంది. రష్యా ధర పెంచినా, సరఫరా తగ్గించినా ఉలాన్‌బాతర్‌లో బంకుల ముందు బారులు తీరాల్సిందే. సొంత రిఫైనరీ నుంచి వచ్చే లీటరు కాస్త ప్రియమైనా ఆ దేశం దాన్ని స్వేచ్ఛకు చెల్లించే ధరగా చూడవచ్చు. చైనా పెరట్లో ఒక స్నేహితుడిని సంపాదించుకోవడం మనకూ విలువైనదే. అయితే విలువ అన్నాక దానికి ఒక అంకె ఉండాలి. వ్యూహాత్మకం అనే మాట లెక్క బదులు వాడుకునే మాట అయిపోతే, బ్రిటన్‌లో సంబంధాలు దెబ్బతింటాయన్న మాట చేసిన పనే అదీ చేస్తుంది. ఇక్కడ వరుస కూడా గమనించదగ్గదే. ముందు గుండ్రటి అంకె ప్రకటించారు, తర్వాత ప్రాజెక్టు ఎంచుకున్నారు, ఆ తర్వాత ఖర్చు పెరిగింది, అప్పు దాని వెంట పెరిగింది. ఎడారి చలి, కొవిడ్ కాలంలో మూసుకున్న సరిహద్దులు, సముద్రం లేని దేశానికి సామాను చేర్చే కష్టం, ఇవన్నీ నిజమైన కారణాలే కావచ్చు. ఏ కారణానికి ఎంత అన్నది పౌరుడికి తెలిసే దారి మాత్రం లేదు.

బ్రిటన్‌కు ఉన్నదీ, మనకు లేనిదీ ఆ దారే. మన ఆర్థిక నిబంధనల ప్రకారం కూడా శాఖ కార్యదర్శే ఆ శాఖ లెక్కలకు ముఖ్య బాధ్యుడు. కానీ ఆయన రాసిన అభ్యంతరం, దాన్ని కాదని మంత్రి రాసిన ఆదేశం రెండూ ఆడిట్‌కు, అక్కడి నుంచి పార్లమెంటుకు దానంతటదే చేరే సంప్రదాయం ఇక్కడ లేదు. కాగ్ ఉంది, కానీ కాగ్ వచ్చేసరికి వంతెన కట్టేసి ఉంటుంది. లాంకెస్టర్ కూడా పెర్గావ్‌ను ఆపలేకపోయారు కదా అని ఎవరైనా అడగొచ్చు. ఆపలేకపోయారు. ఆ తర్వాత రాబోయే వాటిని ఆపారు. నిర్ణయం తీసుకున్నవాడి పేరు కాగితం మీద ఉంటుందని తెలిశాక లండన్‌లో సాయం పద్దుతో కాంట్రాక్టులు కొనే అలవాటు ఆరేళ్లు కూడా బతకలేదు.

సైన్‌షాండ్ రిఫైనరీకి ముడి చమురు తూర్పు మంగోలియా బావుల నుంచి దాదాపు 530 కిలోమీటర్ల గొట్టపు మార్గంలో రావాలి. ఆ బావుల్లో ఇటీవలి ఏళ్లలో తీస్తున్న చమురు రిఫైనరీ సామర్థ్యమైన 15 లక్షల టన్నులకు బాగా తక్కువ. అంటే కొత్త బావులు తవ్వాలి, లేదా చమురు బయటి నుంచి తేవాలి. తెస్తే ఎవరి దగ్గర అన్న ప్రశ్న మళ్లీ ఆ ఇద్దరు పొరుగువాళ్ల దగ్గరికే తీసుకెళ్తుంది. ఇంజనీర్స్ ఇండియా అధ్యయనంలోనో, ఎగ్జిమ్ బ్యాంకు ఫైలులోనో ఎవరో ఈ లెక్క వేసే ఉంటారు, ఎన్నేళ్లకు ఎంత చమురు, టన్నుకు ఎంత ఖర్చు, అప్పు వాయిదా ఏ ఏడాది నుంచి అని. ప్రధాన కాంట్రాక్టులు ఇచ్చేశారు, వాటికి పోటీదారులు ఎవరూ మిగల్లేదు. ఆ పేజీలు ఇప్పుడు బయటపెడితే నష్టపోయే కంపెనీ ఒక్కటీ లేదు.